మిల్లీమీటరు కూడా జరగని నక్షత్రం

ఉదయం పదీ పదికి జెరాక్స్ గదిలో ఫోన్ మోగింది.

"ఏ ఫోర్ కాగితం రెండు కట్టలు కావాలి," అంది అవతలి గొంతు.

"లీగల్ సైజు మాత్రమే ఉందండీ."

"సరే, అదే పంపు."

కోడ్ సరిపోయింది. ఏజెంట్ మార్జిన్ తలుపు గడియ వేసి రిసీవరు చెవికి దగ్గరగా పెట్టుకున్నాడు.

మార్జిన్ అన్నది డిపార్ట్‌మెంటు పెట్టిన పేరు. తొమ్మిదేళ్ల క్రితం అతన్ని ఈ సమావేశాల హాలు ఆఫీసులో డాక్యుమెంట్ ఆపరేటరుగా నాటారు. సీటింగ్ ప్లాన్లు వేయడం, లోగోలు సరిచేయడం, సాగిపోయిన ఫొటోలను మళ్ళీ మనుషుల్లా కనబడేట్టు చేయడం అతని పని. ఈ తొమ్మిదేళ్లలో ఎవరికీ అతని మీద అనుమానం రాలేదు. అనుమానం రావాలంటే ముందు ఎవరో ఒకరు అతని వైపు చూడాలి కదా. గూఢచారికి ఇంతకంటే మంచి మారువేషం దొరకదు. మనిషికి మాత్రం ఇది పాడు బతుకు.

"అబ్బాయ్, జాగ్రత్తగా విను," అన్నాడు పెద్దాయన. ఆయన డిపార్ట్‌మెంటు చీఫ్. మార్జిన్ ఆయన మొహం చూసి నాలుగేళ్లయింది. "నెమలి మన మనిషేనని వాళ్ళకి తెలిసిపోయింది. ఇవాళ మధ్యాహ్నం మీ హాల్లోనే ఆమెని లేపేస్తారు."

మార్జిన్ తలుపు గడియ సరిగ్గా పడిందో లేదో ఇంకోసారి చూశాడు.

ఇవాళ్టి సదస్సును స్పాన్సర్ చేస్తున్న ఎగుమతుల కంపెనీ ఒక విదేశీ ముఠాకు ముసుగు. ఆ కంపెనీ యజమానికి సెక్రటరీ నెమలి. ముఠా ఆమెను తమ ఏజెంటు అనుకుంటోంది, ఆమె పనిచేసేది మాత్రం డిపార్ట్‌మెంటుకి. పట్టుచీర, నల్ల కళ్ళద్దాలు, నడిస్తే గదిలో అందరి తలలూ తిరిగే మనిషి. మార్జిన్ ఆమెను అద్దాల తలుపులోంచి రెండుసార్లు చూశాడు, అదీ వీపు వైపు నుంచి.

అయినా పదిహేను నెలలుగా ఆమెతో అతనికి పరిచయం ఉంది. హాలుకీ కంపెనీకీ కలిపి ఒక బుకింగ్ షీటు ఉంది, రెండు ఆఫీసుల్లోనూ తెరుచుకుంటుంది. లోగో పక్కన ఓ చిన్న నీలం దీర్ఘచతురస్రం. వెడల్పు అర సెంటీమీటరు ఉంటే క్షేమం. పాయింట్ ఏడు ఉంటే సరుకు సిద్ధం. పాయింట్ మూడు ఉంటే పారిపో. రోజూ ఉదయం ఆమె ఆ బొమ్మ సైజు సరిచూసి వదిలేది, అతను తెరిచి చూసేవాడు. చాలా రోజులు అతనికి ఎవరైనా చెప్పిన మాట అదొక్కటే.

"పాయింట్ మూడు పెట్టమంటారా?" అన్నాడు మార్జిన్.

"లాభం లేదు. ఆమె వాళ్ళ కారెక్కేసింది. ఎక్కకుండా పారిపోయినా మనకి కష్టమే. ముఠావాళ్ళ పేర్ల జాబితా ఆమె దగ్గరుంది, అది హాల్లో నా చేతికి అందాలి. గొడవ జరిగితే వాళ్ళ బాసు రెండింటి విమానం ఎక్కేస్తాడు."

"చంపేదెవరు?"

"కాంపౌండర్. బయటినుంచి దింపారు. వాడి మొహం మనకి తెలీదు. వాడికి ఆమె మొహం తెలీదు. పేరు చెప్పరు, ఆడో మగో కూడా చెప్పరు, అది వాళ్ళ రూలు. సీటింగ్ ప్లాన్ మీద ఒక నక్షత్రం బొమ్మ ఉంటుంది. ఆ సీట్లో కూర్చున్న వాళ్ళ గుండె మీద స్పెషల్ గెస్టు బ్యాడ్జి పెడతాడు. పిన్నులో విషం. అరక్షణం పని, మనవాళ్ళు అడ్డుపడేలోపు అయిపోతుంది."

"ఆ ప్లాన్ ప్రింటుకి నా దగ్గరికే వస్తుంది."

"అందుకే ఫోన్ చేశాను. నక్షత్రం ఆమె మీద ఉండకూడదు. మిగతాది నీ ఇష్టం."

ఫోన్ పెట్టేశాక కూడా మార్జిన్ బుకింగ్ షీటు తెరిచి పాయింట్ మూడు పెట్టాడు. ఎవరూ చూడరని తెలుసు. పెట్టకుండా ఉండలేకపోయాడు.

పదకొండింటికి పెన్ డ్రైవుతో కళ్ళజోడు దిగాడు. ముఠా బాసుకి కుడిభుజం, మందపాటి అద్దాల మనిషి. ఒక చేతిలో తమ ఆఫీసులో తీసిన నమూనా ప్రింటు, ఇంకో చేతిలో స్టీలు స్కేలు. కుర్చీ లాక్కుని మార్జిన్ భుజం పక్కనే కూర్చున్నాడు.

"నక్షత్రం ఎడమ అంచు నుంచి తొమ్మిదీ పాయింట్ రెండు, పై అంచు నుంచి పద్నాలుగు. ఈ అంకెలు మారకూడదు. పోయినసారి ఎవడో తలమాసినవాడు ప్రింటులో బొమ్మ జరిపేసి మా పరువు తీశాడు."

"అలాగే సార్."

స్ప్రెడ్‌షీటులో ఒక్కో సెల్ ఒక్కో కుర్చీ. ఏడో వరస, మూడో కుర్చీ మీద ఎర్ర నక్షత్రం. దాని కిందే ఆమె సీటు. మౌసుతో పట్టుకుని లాగితే ఒక్క సెకను పని. కానీ కళ్ళజోడు ఊపిరి మెడమీద తగులుతోంది.

మార్జిన్ ఆరో వరస చూశాడు. అదే మూడో కుర్చీ ఒక కాగితం డీలరుది. మోకాళ్ళ నొప్పి, రాలేనని ఆయన పొద్దున్నే ఫోన్ చేశాడు. ఆ ఫోన్ ఎత్తింది మార్జినే.

"సార్, పైన మా హాలు పేరు ఉండాలి. లేకపోతే మేనేజరు గారు ప్రింటు వదలరు."

"ఏడ్చినట్టుంది మీ మేనేజరు రూలు. రాయి."

మార్జిన్ అన్నిటికంటే పైన ఒక రో ఇన్‌సర్ట్ చేశాడు. ఎత్తు ఒకటీ పాయింట్ రెండు, సరిగ్గా ఒక కుర్చీ ఎత్తు. కుర్చీలన్నీ ఒక మెట్టు కిందికి దిగాయి. వాటితో పాటు నక్షత్రం కూడా బుద్ధిగా దిగి మళ్ళీ ఆమె సీటు మీదే కూర్చుంది.  తొమ్మిదేళ్లుగా ఇదే పని చేస్తూ, ముందు యాంకర్, అంటే బొమ్మ దేనికి కట్టి ఉందో, చూడాలన్న సంగతి మార్జిన్ మరిచిపోయాడు.

కళ్ళజోడు స్కేలు బల్ల మీద కొట్టాడు. "చూశావా, జరిపేశావు."

అప్పుడు మార్జిన్‌కి ప్రాణం లేచొచ్చింది.

"నేను జరపలేదు సార్. మీవాళ్ళు దాన్ని సెల్‌కి కట్టారు. సెల్ ఎటుపోతే అటు పోతుంది. పేజీకి కట్టేస్తే ఇక ఎక్కడికీ పోదు."

"అయితే కట్టెయ్యి. నాకు చెప్పడమెందుకు?"

అన్‌డూ కొట్టాడు. నక్షత్రం మీద రైట్ క్లిక్ చేశాడు. యాంకర్, టు పేజ్. మళ్ళీ పైన రో ఇన్‌సర్ట్ చేశాడు. మొత్తం హాలు, రెండొందల నలభై మంది, ఒక మెట్టు కిందికి దిగారు. నక్షత్రం ఉన్నచోటే ఉండిపోయింది, ఇప్పుడు దాని కింద ఉన్నది ఆరో వరస మూడో కుర్చీ.

ప్రింటు వచ్చింది. కళ్ళజోడు కాగితం మీద స్కేలు పెట్టి కొలిచాడు. తొమ్మిదీ పాయింట్ రెండు. పద్నాలుగు.

"ఒక్క మిల్లీమీటరు కూడా జరగలేదు సార్," అన్నాడు మార్జిన్. వృత్తిలోకి వచ్చాక అతను చెప్పిన మొదటి పచ్చినిజం అదే.

కళ్ళజోడు వేలు నక్షత్రం దగ్గర్నుంచి ఎడమవైపుకి, వరస నంబరు ఉన్న వైపుకి నెమ్మదిగా జరగసాగింది.

"మిగతా కాపీలు కలర్‌లోనా సార్, బ్లాక్ అండ్ వైటా? కలరయితే మేనేజరు గారి సంతకం కావాలి. ఆయన పై అంతస్తులో ఉన్నారు, లిఫ్టు పనిచేయట్లేదు."

"ఏదో ఒకటి తగలెయ్యవయ్యా. టైం లేదు."

వేలు లేచింది. కాపీలు తీసుకుని కళ్ళజోడు వెళ్ళిపోయాడు. తొందరలో స్టీలు స్కేలు బల్ల మీదే వదిలేశాడు. మార్జిన్ దాన్ని చొక్కా ఎడమ జేబులో పెట్టుకున్నాడు. డిపార్ట్‌మెంటు ఇచ్చిన లైటరు కెమెరా ఏనాడూ వెలగలేదు, ఫొటో తీయలేదు. ఈ గాడ్జెట్ నయం.

పన్నెండు. రెండేళ్ల క్రితం ఎవరో అతిథి మరిచిపోయిన కోటు తొడుక్కుని, కాగితం డీలరు పేరున్న కార్డు మెడలో వేసుకుని మార్జిన్ ఆరో వరస మూడో కుర్చీలో కూర్చున్నాడు. వందల ప్లాన్లు వేశాడు గానీ, ఒక ప్లాన్‌లో తనకంటూ సీటుండటం ఇదే మొదలు. తన కోసం ఒక మనిషి వెతుక్కుంటూ రావడం కూడా ఇదే మొదలు. ఆ వచ్చేవాడు చంపడానికి వస్తున్నాడని తలుచుకుంటే నవ్వొచ్చింది, ఆ వెంటనే దుఃఖం వచ్చింది. ఏదైనా జరిగితే అక్కకి కబురు చేయాలి. ప్రతి ఆదివారం ఫోన్ చేసి "ఇంకా ఆ టైపు పనేనా రా తమ్ముడూ" అంటుంది పాపం.

వెనక కుర్చీ కదిలింది. గాజుల చప్పుడు, పట్టుచీర సవ్వడి.

"ఏవండీ, కాస్త తల పక్కకి జరుపుతారా? స్టేజి కనబడట్లేదు."

పదిహేను నెలల పరిచయంలో ఆమె గొంతు వినడం అదే మొదటిసారి. మార్జిన్ తిరిగి చూడలేదు. చూడకూడదు. మూడంగుళాలు పక్కకి జరిగాడు.

ఎదుట ఒక వాలంటీరు వచ్చి నిలబడ్డాడు. నెరిసిన జుట్టు, మేనమామలాంటి చల్లని మొహం. ఒక చేతిలో ప్లాన్, ఇంకో చేతిలో బంగారు రంగు బ్యాడ్జి.

"మీరేనాండీ స్పెషల్ గెస్టు? ఆ కోటు కాస్త పక్కకి తియ్యండి."

సరిగ్గా అప్పుడే స్టేజి పక్కన కళ్ళజోడు లేచి నిలబడ్డాడు. చెయ్యెత్తి వెనక, వెనక అని సైగ చేస్తున్నాడు. కాంపౌండర్ తలెత్తి చూశాడు. బ్యాడ్జి గాల్లో ఆగింది. కళ్ళు ఏడో వరస మీదికి వెళ్ళాయి.

"పెట్టండి, పర్లేదు," అంటూ మార్జిన్ ఆ చేతిని రెండు చేతులతో పట్టుకుని తన జేబు మీదికి నొక్కేసుకున్నాడు.

టిక్కుమంది. విషపు పిన్ను స్టీలు మీద వంగిపోయింది. మణికట్టు వదలకుండా మార్జిన్ రెండుసార్లు దగ్గాడు. అది సిగ్నల్. వెనక వరసల్లో అంతసేపూ కునికిపాట్లు పడుతున్న ఆరుగురు డిపార్ట్‌మెంటు మనుషులు ఒకేసారి లేచారు. కళ్ళజోడూ బాసూ పక్క తలుపు దాకా పోగలిగారు, అక్కడ లిఫ్టు పనిచేయట్లేదు.

ఆ కలకలంలో ఆమె అతని కుర్చీ పక్కనుంచి నడిచి వెళ్ళింది. ఒక్క క్షణం ఆగినట్టనిపించింది. అతను నేలకేసి చూస్తూ ఉండిపోయాడు.

మర్నాడు పదీ పదికి ఫోన్ వచ్చింది.

"జాబితా అందింది. అందరూ దొరికారు," అన్నాడు పెద్దాయన. "పతకం ఇద్దామంటే దాని మీద పేరు రాయకూడదు. పేరు లేకుండా ఇస్తే ఆడిట్ వాళ్ళు ఒప్పుకోరు. ఏమనుకోకు."

"ఆమె?"

"కొత్త ఊరు, కొత్త పేరు. ఇక నీకు తారసపడదు. వెళ్ళేముందు ఒక్క నిమిషం నా సిస్టమ్ అడిగింది. ఏదో బుకింగ్ షీటు తెరిచింది. అవునబ్బాయ్, ఆ షీటులో మన గుర్తు చెరిపెయ్యి. అది రూలు."

"చెరిపేస్తానండీ."

బల్ల మీద మేనేజరు పంపిన మెమో పడి ఉంది. స్పాన్సరు ఇచ్చిన సీటింగ్ ప్లాన్‌లో నక్షత్రాన్ని తప్పు కుర్చీ మీద పెట్టి సంస్థకు చెడ్డపేరు తెచ్చినందుకు సంజాయిషీ ఇవ్వాలట. తొమ్మిదేళ్లలో హాలు అతన్ని గమనించింది ఇప్పుడే.

మార్జిన్ షీటు తెరిచాడు. నీలం దీర్ఘచతురస్రం వెడల్పు మళ్ళీ అర సెంటీమీటరుకి వచ్చింది. క్షేమం. దాని పక్కన, అంచులు ఆనేట్టు, అదే సైజులో ఇంకోటి ఉంది. చెరుపుదామని మొదటిదాని మీద క్లిక్ చేశాడు. రెండూ సెలెక్టయ్యాయి. ఆమె వాటిని గ్రూప్ చేసి వెళ్ళింది.

చాలాసేపు డిలీట్ మీద వేలు ఉంచి కూర్చున్నాడు. తర్వాత ఆ వేలు తీసి, మెమోకి సంజాయిషీ టైపు చేయడం మొదలుపెట్టాడు. బొమ్మల విషయంలో తనకు శ్రద్ధ తక్కువేననీ, ఇకముందు కూడా ఒకటి రెండు ఉండకూడనిచోట ఉండిపోవచ్చుననీ, దయచేసి మన్నించాలనీ రాశాడు.