మూడో కంప్రెసర్

"ఆ యాభై లీటర్ల కంప్రెసర్ ఇవ్వండి. ఆ ఎర్రది."

కౌంటర్ వెనకున్న అమ్మాయి ఎర్రదాని వైపు చూడనైనా చూడలేదు. జుట్టు ముడిలో గుచ్చుకున్న టెస్టర్ తీసి, అతని చేతిలోని స్ప్రే గన్ను మీద టకటకా కొట్టింది.

"ఇది నిమిషానికి ఎంత గాలి తాగుతుంది?"

"గన్ను తాగడమేంటండీ? వదుల్తుంది కదా."

ఆమె నవ్వింది. ఎనిమిదేళ్ళు ఫర్నిచర్ ఫ్యాక్టరీలో పాలిష్ కొట్టినవాడికి ఆ నవ్వు చురుక్కుమంది. అక్కడ గోడలోంచి పైపు వచ్చేది, పైపులోంచి గాలి వచ్చేది. ఆ గాలి ఎక్కణ్ణించి వస్తోందని అడిగే తీరిక మనిషికి ఇస్తే అది ఫ్యాక్టరీ ఎందుకవుతుంది? మానేసి, ఇంటి వెనక గదిలో సొంతంగా పని మొదలుపెట్టాకే గాలి కూడా కొనుక్కోవాలని తెలిసింది.

"ట్యాంకు బకెట్టులాంటిది, పంపు కుళాయిలాంటిది. బకెట్టు ఎంత పెద్దదైనా కుళాయి సన్నగా వస్తే, ఒంటినిండా సబ్బుతో నిలబడాల్సిందే. పైగా ఆ ఎర్రది బాగా అరుస్తుంది. ఇంట్లో పగలు పడుకునేవాళ్ళున్నారా?"

"మా వదిన. ఆస్పత్రిలో నైట్ డ్యూటీ నర్సు."

"అయితే అది వద్దు."

"అదే కావాలి."

"మీ ఇష్టం. మూడు రోజులు ట్రయల్. నచ్చకపోతే తెచ్చివ్వండి, మా షాపు పద్ధతి అది."

ఎర్రది ఆన్ చేసిన నిమిషానికే వదిన గుమ్మంలో ప్రత్యక్షమైంది.

"మరిదీ, ఈ గది ఇచ్చేటప్పుడు ఏమన్నాను?"

"నీ నిద్ర చెడితే గదికి తాళమన్నావు."

"తాళం కొనుక్కొచ్చాను కూడా."

సన్నగా చినుకులు పడుతుంటే ఎర్రదాన్ని చక్రాల మీద లాక్కుంటూ షాపుకి బయల్దేరాడు. షాపు అమ్మాయి గుమ్మంలోకొచ్చి చూసింది.

"గొడుగు మెషిన్‌కి పట్టి మీరు తడుస్తున్నారేంటి?"

"నేనైతే ఆరిపోతానండీ. అది మీది కదా."

ఆమె తువ్వాలు అందించింది.

రెండోది ఆమే ఎంచింది. చిన్నది, చప్పుడు లేనిది. వదిన హాయిగా పడుకుంది కానీ సగం కుర్చీ అయ్యేసరికి గన్ను దగ్గడం మొదలెట్టింది. పాలిష్ నారింజ తొక్కలా గరుకు తేలింది.

"ఈసారి తప్పు నాదే. మీ వదిన నిద్ర చూసుకుని మీ గన్ను దాహం మర్చిపోయాను," అంది ఆమె, తిరిగొచ్చిన మెషిన్‌ని చూసి.

షాపు వెనక గదిలో మోటారుకి తీగ చుడుతున్న ఆమె తండ్రి తల ఎత్తకుండానే అన్నాడు. "నువ్వు ఎంచింది కూడా తిరిగొచ్చిందన్నమాట. ఇంకొక్కటి రానీ, కౌంటర్ దిగి ఇక్కడ తీగ చుట్టుకుందువుగాని."

తండ్రులన్నాక అలాగే అంటారులే అనుకున్నాడు పాలిష్ అబ్బాయి.

మూడోదాన్ని ఎంచడానికి ఆమె గంటసేపు తీసుకుంది. బెల్టుతో తిరిగే పాతకాలం రకం. ట్యాంకు మీద అరచెయ్యి పెట్టి, అది నిండేదాకా పెదవులు కదుపుతూ అంకెలు లెక్కపెట్టింది. కాళ్ళ కింద నాలుగు రబ్బరు ముక్కలు తనే బిగించింది. ఆ పెదవులు చూస్తూ అతను అడగాల్సినవన్నీ మర్చిపోయాడు.

మూడు రోజుల్లో ఆరు కుర్చీలు అద్దాల్లా తయారయ్యాయి. వదిన ఒక్కసారి కూడా లేవలేదు. అన్నీ సవ్యంగా ఉన్నాయి. వచ్చిన చిక్కల్లా అదే. ఇక ఆ షాపుకి వెళ్ళడానికి సాకు ఏదీ?

మూడో రోజు సాయంత్రం దాన్ని కూడా లాక్కుంటూ వెళ్ళాడు.

"సౌండండీ. వదినకి నిద్ర పట్టట్లేదు."

ఆమె మొహం వాడిపోయింది. వెనక గదిలోంచి తండ్రి దగ్గు వినిపించింది.

"లోపల పెట్టకండి. తిరిగి తీసుకెళ్ళండి. రేపు మధ్యాహ్నం నేనే వచ్చి వింటాను."

మర్నాడు వచ్చింది. ఆన్ చేసి, మోకాళ్ళ మీద కూర్చుని, చెవి దగ్గరగా పెట్టి చాలాసేపు విని, ఆపేసింది. ఆపిన మరుక్షణం పక్క గది తలుపు తెరుచుకుంది. జుట్టు రేగిపోయి, కళ్ళు నులుముకుంటూ వదిన.

"ఎందుకాపావు మరిదీ? మూడు రోజుల్నించీ ఆ గురగురకే కమ్మగా నిద్ర పడుతోంది. ఆగేసరికి మెలకువొచ్చేసింది!"

అమ్మాయి టెస్టర్‌ని జుట్టు ముడిలో గుచ్చుకుంది.

"ఆరోజు నాన్న అన్న మాట విన్నారు కదా?"

"విన్నాను."

"అయినా తెచ్చారు."

"ఇది బాగా పనిచేస్తే మళ్ళీ మీ దగ్గరికి రావడానికి కారణం ఉండదు కదండీ."

"హోస్ పైపు కొనడానికి రావచ్చుగా! ఊరికే రావచ్చుగా! పొద్దున్నించి నాన్న కౌంటర్‌లో కూర్చున్నారు. నేను తీగ చుడుతున్నాను." ఆమె చెప్పులేసుకుని వెళ్ళిపోయింది.

వదిన అప్పుడు పూర్తిగా నిద్ర లేచింది. కొత్త తాళం తెచ్చి గదికి వేసి, తాళంచెవి కొంగున ముడేసుకుంది.

"వెళ్ళి వాళ్ళ నాన్నకి నిజం చెప్పిరా. అప్పుడు తీస్తాను."

షాపులో కౌంటర్ దగ్గర ఆమె తండ్రి. వెనక గదిలో తీగ చుడుతున్న చక్రం కిర్రుమంటోంది. పాలిష్ అబ్బాయి గొంతు సవరించుకున్నాడు.

"మెషిన్ బ్రహ్మాండంగా ఉందండీ. దాని తప్పేం లేదు, ఎంచినావిడ తప్పేం లేదు. నేను అబద్ధం చెప్పాను."

"ఎందుకు?"

"మీ అమ్మాయిని చూడ్డానికి."

చక్రం కిర్రు ఆగిపోయింది.

పెద్దాయన అతన్ని కిందనించి పైదాకా చూశాడు. పాత మోటారు రిపేరుకొస్తే చూసే చూపు అది.

"కుర్చీలెలా వచ్చాయి?"

"మొహం చూసుకోవచ్చండీ."

పెద్దాయన మెల్లగా స్టూలు దిగాడు. "అమ్మాయ్, వచ్చి నీ చోట నువ్వు కూర్చో." ఇటు తిరిగి, "ఈసారి వచ్చేటప్పుడు మీ అన్నావదినల్ని తీసుకురా. మెషిన్ మాత్రం తీసుకురాకు."

ఆమె వచ్చి స్టూలెక్కింది. అతని వైపు చూడకుండా, కౌంటర్ మీది దుమ్ము వేలితో తుడుస్తూ అంది.

"సాయంత్రం రమ్మను నాన్నా. మధ్యాహ్నం వాళ్ళ వదిన నిద్రపోయే టైమ్."