నాలుగో మూలలో పుట్టీ

మరిది నాలుగో మూలను పుట్టీతో పూడ్చాడు. కొంప మునిగింది అక్కడే.

వదినది వడ్రంగం. మరిదిది వడ్రంగం చేస్తున్నట్టు కనబడటం. పదేళ్లుగా ఆమె కోసినవాటికి మేకులు కొడుతూ, పదిమందిలో "మా పనితనం" అని చెప్పుకుంటున్నాడు.

ఆ మధ్యాహ్నం ఒక ఖాళీ ఇంట్లో గోడల అడుగున చెక్కపట్టీలు బిగిస్తున్నారు. మూల దగ్గర రెండు పట్టీలనూ నలభై అయిదు డిగ్రీల ఏటవాలుగా కోసి కలపాలి. మూడు మూలలు వెంట్రుక దూరకుండా కుదిరాయి. నాలుగోది నోరు తెరిచింది. వదిన మూలమట్టం పెట్టి చూసింది. గోడలు సరిగ్గానే ఉన్నాయి. మళ్లీ కోసింది. సందు ఇంకాస్త పెరిగింది. అందులోంచి చల్లటి గాలి... తడిసిన రంపపుపొట్టు వాసన. వెనక ఉన్నది రాతిగోడ.

"ఇంత పుట్టీ కొట్టి రంగేస్తే ఎవడికి తెలుస్తుంది వదినా?"

"నీ మొహం. కోయడం చేతకానివాడికే పుట్టీ. ముట్టుకోకు, ఇంకో పట్టీ తెస్తాను."

ఆమె అటు తిరిగిందో లేదో, అయ్యగారు సందు నింపేసి వేలితో నున్నగా రుద్దడం మొదలుపెట్టాడు.

పక్కగదిలో పట్టీ ఏరుతుంటే రంపం చప్పుడు వినిపించింది. మెల్లగా... ఆగి ఆగి... తొందరలేని చేయి. మరిది రంపం లాగితే గాడిద ఓండ్రపెట్టినట్టుంటుంది. ఇది అతను కాదు. పైగా రంపం ఆమె చేతిలోనే ఉంది.

"వదినా..."

వెళ్లి చూసింది. మోకాళ్ల మీద ఉన్నాడు. చూపుడువేలు పుట్టీలోకి కణుపుదాకా దిగిపోయింది.

"ఏంటా ఆటలు? తియ్యి."

"రావట్లేదు. లోపల... ఎవరో పట్టుకున్నారు."

"నిన్నా? ఏం పని చేయించుకుందామని?" అంటూ వంగి చూసింది. పుట్టీ కదులుతోంది. అవతల నుంచి వేళ్లతో నొక్కినట్టు ఒక ఉబ్బు... రెండు... మూడు.

నడుం పట్టుకుని లాగింది. ఇద్దరూ వెల్లకిలా పడ్డారు.

వేలి కొస లేదు. రక్తమూ లేదు. సరిగ్గా నలభై అయిదు డిగ్రీల ఏటవాలు. చర్మం ఎక్కడా అతుకు కనబడకుండా మూసుకుపోయింది. అంత శుభ్రమైన కోత మరిది జన్మలో కోసి ఎరగడు.

నాలుగో మూలా మూసుకుపోయింది. పుట్టీ చుక్క లేదు. వెంట్రుక దూరదు.

"పట్టీ ఊడదియ్యి వదినా! వేలు అందులోనే ఉంది. ఇప్పుడే తీస్తే డాక్టరు అతికిస్తాడు..."

పట్టీ వెనక నుంచి గోటితో తట్టిన చప్పుడు. టక్... టక్.

"తియ్యను" అంది.

ఏడేళ్లయింది. ఆ లేని కొసను ఎవరో ఇంకా పట్టుకునే ఉన్నారంటాడు. ఒక్కోసారి నిమురుతున్నారంటాడు. వెళ్లి ఆ పట్టీ తీయమని కాళ్లావేళ్లా పడతాడు.

తియ్యలేదు.