బాపును లేపే వేళ

మంచం కింద ఊడుస్తున్న అనురాధ చీపురుకు అట్టపెట్టె అడ్డం తగిలింది. ఖాళీదే కదా అని లాగితే కదల్లేదు. మూత తీసి చూసింది. లోపల పదకొండు మందునీళ్ల సంచులు, సీలు కూడా విప్పనివి...

కిడ్నీలు రెండూ పాడైన కూతురు విజేతకు ఆ సంచులే ప్రాణాధారం. కడుపుకు అమర్చిన గొట్టంలోంచి పాత నీళ్లు దించి, కొత్త నీళ్లు ఎక్కించుకోవాలి. రోజుకు నాలుగుసార్లు. పండగ లేదు, పబ్బం లేదు. పంతొమ్మిదేళ్ల పిల్లకు రెండేళ్లుగా ఇదే కొలువు! లింబాయత్ మగ్గాలవాడలో వాళ్లది ఒకటే గది. గోడ అవతలే బట్టనేసే సాంచలు, గాలినిండా నూలు దుమ్ము. నిరుడు కడుపులో చీముపట్టి పిల్ల చావుతప్పి బయటపడ్డాక అనురాధ గట్టి కట్టడి పెట్టింది. నీళ్లు మార్చుకునేటప్పుడు ఫ్యాను బంద్, కిటికీ బంద్, గదిలో నరపురుగు ఉండకూడదు. రాత్రంతా సాంచలు నడిపి పగలు పడుకునే మొగుడు పరుశురాం కూడా మధ్యాహ్నం రెండింటికి లేచి, ముప్పావుగంట గల్లీలో నిలబడాల్సిందే. ఆ వేళకు అనురాధ చీరలకు రాళ్లంటించే పనికి పోతుంది. ఇవాళ పని లేక ఇంట్లో ఉండబట్టి ఈ పెట్టె కంటబడింది.

"ఏందే ఇది? మధ్యాహ్నంది చేసుకుంటలేవా?"

విజేత ఉబ్బిన పాదాలను చున్నీ కిందికి లాక్కుంది.

"యాష్టకొచ్చిందమ్మా..."

"గొట్టానికి అలవాటు పడ్డదానివి, ఇప్పుడేం యాష్ట?"

"నీళ్లు మార్చుకునుడు కాదు, బాపును లేపుడు. పన్నెండు గంటలు నిలబడి వస్తడు. జర కన్ను అంటంగనే లేపాలె. గల్లీల గోడకు ఆనుకొని కునికిపాట్లు పడుతడు. నా పానం కోసం ఆయన నిద్ర తినుడు నాతోని కాదు."

అనురాధ పెట్టె పక్కనే చతికిలబడింది. మాస్కు కట్టుకుంటే ఎవరైనా గదిలో ఉండొచ్చని నర్సు చిలక్కి చెప్పినట్టు చెప్పింది. వినలేదు. ఒకసారి బిడ్డను పోగొట్టుకోబోయిన తల్లి ఎవరి మాట వింటుంది గనక...

గోడవైపు తిరిగి పడుకున్న పరుశురాం మెల్లగా లేచి కూర్చున్నాడు. అంతా విన్నాడు.

"డాక్టరు మూడుసార్లే సాలన్నడని చెప్పినవు గద బిడ్డా... నమ్మిన. తగ్గుతున్నదని సంబురపడ్డ. పదకొండు రోజులు కంటినిండ పండుకున్న." ఆయన పెట్టెలోని సంచులు చూశాడు. "నీ పానం మీద పండుకున్ననా?"

"బాపూ..."

"నన్ను నూరుసార్లు లేపు, లేస్త. నువ్వు లేవకుంటే నేనెట్ల లేపుకోవాలె?"

విజేత తండ్రి ఒడిలో తల పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది. ఆ సాయంత్రమే ఆసుపత్రిలో చేర్చారు. వాపు దిగడానికి నాలుగు రోజులు పట్టింది. డాక్టరు చీవాట్లు పెడుతుంటే ముగ్గురూ తలవంచుకుని విన్నారు. నర్సు మళ్లీ మాస్కు మాట ఎత్తితే ఈసారి అనురాధ తలూపింది.

ఇంటికొచ్చిన మర్నాడు రెండు కావొస్తోంది. పనికి బయల్దేరిన అనురాధ గడప దగ్గర ఆగింది. చేతులు కడుక్కున్న విజేత, గురకపెడుతున్న తండ్రి పక్కన అలాగే కూర్చుని ఉంది. అనురాధ తనే లేపుదామనుకుని మానుకుంది. ఈ పని పిల్లే చెయ్యాలి.

"బాపూ... లెవ్వు. మాస్కు కట్టుకో."

పరుశురాం కళ్లు తెరవకుండానే మాస్కు కట్టుకుని, అటు తిరిగి మళ్లీ నిద్రలోకి జారిపోయాడు. విజేత మళ్లీ చేతులు కడుక్కుని సంచీ అందుకుంది. అనురాధ తలుపు దగ్గరగా వేసి పనికి నడిచింది.