అబిగయీలు రాసిన ఏడు జవాబులు

ఫొటోగ్రాఫర్ జడ్సన్ వాట్సాప్‌లో పంపిన ఏడు ప్రశ్నలు చూసి అబిగయీలుకు తల తిరిగింది. ఏ రంగు బట్టలు, ఎక్కడ తీయాలి, చూసినవాళ్ళకు ఏమనిపించాలి, మీ గుణాలేమిటి, ఫొటో మీద ఎంత రాయాలి, ఎప్పుడు, ఇంకేమైనా.

వెంటనే ఫోన్ చేసింది. "రొయ్యల పచ్చడి అమ్ముకునేదాన్ని. నాలుగు ఫొటోలు తీయమంటే పరీక్ష పేపరు పంపినారేంది?"

"పర్సనల్ బ్రాండింగ్ షూట్ అంటే ఇట్నే ఉంటదండీ. మీ ముఖం చూసి జనం సీసా కొనాల. మీరెవరో తెలీకుండా నేను కెమెరా ఎట్లా పట్టేది?"

"మూడేళ్ళుగా చర్చిలో కీబోర్డు వాయిస్తా ఎదురుగానే కూర్చోనుంటారు. ఇంకా తెలీలేదా?"

అవతల గబుక్కున ఫోన్ పెట్టేశాడు. అది వింతే. జడ్సన్ నోరు తెరిస్తే బోగోలులో బస్సెక్కినప్పుడు మొదలుపెట్టి నెల్లూరు దాకా ఆపే రకం కాదు.

ఎల్లుండి కాక ఆ పై సోమవారంలోగా ఫొటోలు పంపితే నెల్లూరులో ఒక సూపర్ మార్కెట్ వాళ్ళు ఆమె పచ్చడి తీసుకుంటామన్నారు. లేదంటే ఆ చోటు ఇంకొకరికి పోతుంది. అందుకని అబిగయీలు విసుక్కుంటూనే జవాబులు రాసింది. ఫోన్‌లో తెలుగు టైపు చేయడం రాక కాగితం మీద రాసి, పైన పేరు పెట్టి, ఫొటో తీసి అతనికి పంపింది. కాగితాన్ని మడిచి బైబిల్లో పెట్టి మరచిపోయింది.

మర్నాడు ఆదివారం. తల్లి ఎలిశబెతమ్మ ఆ మడత చూసి, కూతురు రాసుకున్న ప్రార్థన మనవి అనుకుని, చర్చి గుమ్మం దగ్గరి పెట్టెలో వేసేసింది.

ఆరాధన చివర పాస్టర్ తిమోతి గారు చీటీలు ఒక్కొక్కటే చదువుతూ ఇది విప్పారు.

"సహోదరి అబిగయీలు మనవి. నీలిరంగు. సముద్రం ఒడ్డున, పొద్దున్నే. చూడగానే నమ్మకం కలగాలి. నిజాయితీ, ఓపిక. ఎక్కువ మాటలు వద్దు. వచ్చే శనివారం అయితే మేలు. మిగతాదంతా జడ్సన్ గారి ఇష్టం."

ఆయన కళ్ళజోడు పైనుంచి కీబోర్డు వైపు చూశారు. కీబోర్డు మీద ఒక తప్పు స్వరం మోగింది. సంఘమంతా "ఆమేన్" అంది.

చాప మీద పక్కనే కూర్చున్న స్నేహితురాలు పుష్పకుమారి అబిగయీలు చెవిలో గుసగుసలాడింది. "పెళ్ళికి తెల్లచీర గదా కట్టేది, నీలిరంగేందే?"

అబిగయీలుకు భూమిలోకి కూరుకుపోతే బాగుండుననిపించింది. జడ్సన్ తల ఎత్తకుండా బండెక్కి వెళ్ళిపోయాడు.

"మనవి అనుకున్నా తల్లీ," అంది ఎలిశబెతమ్మ ఇంటికొచ్చాక. "అయినా పిల్లోడు మంచోడే గదా."

"అమ్మా, నువ్వింకేం మాట్లాడబాక."

షూట్ మాట మొదలైనప్పటి నుంచి రోజూ ఫోన్ చేసే జడ్సన్ ఆ వారమంతా చేయలేదు. "శనివారం ఆరింటికి" అని ఒక్క మెసేజ్ వచ్చిందంతే. అబిగయీలు నీలిరంగు చీర ఇస్త్రీ చేసింది, సీసాలు తుడిచింది, మధ్యమధ్యలో ఫోన్ చూసింది. ప్రశ్నలు అతనివే, ఏ జవాబు దేనికో అతనికి తెలుసు. మరి కోపమెందుకు? అతనికి కోపమైతే తనకు ఏడుపెందుకు వస్తోంది? ఏదీ అర్థం కాలేదు. ఫోన్‌లో అతని వాగుడు లేక ఇల్లు బోసిగా ఉందన్నది మాత్రం నిజం.

శనివారం తీరంలో కూడా అంతే. పక్కకు జరగమని చెయ్యి ఊపాడు, గడ్డం ఎత్తమని వేలు చూపాడు. గంటసేపు ఒక్క మాట లేదు. ముఖం మాడ్చుకుని నిలబడితే ఏ ఫొటో బాగుంటుంది?

చివరికి ఆమె సీసా ఇసుకలో పెట్టేసింది. "మీకు కోపంగా ఉంటే చెప్పండి. ఈ మూగనోము నా వల్ల కాదు."

"కోపం కాదండీ, ప్రాక్టీస్ చేస్తా ఉండా."

"ఏంది ప్రాక్టీస్?"

"ఎక్కువ మాటలు వద్దన్నారు గదా. అది ఫొటో మీద రాత గురించని నాకు తెలుసు. కానీ ఆ పొద్దు జనమంతా అనుకునిందే నిజమైతే బాగుండుననిపించింది. ఒకవేళ నిజమైతే, నాకు చేతకానిది ఆ ఒక్కటే."

జేబులోంచి ఒక చీటీ తీసి ఇచ్చాడు. "రేపటికి రాసినా. మీరు ఒప్పుకుంటేనే పెట్టెలో వేస్తా."

'జడ్సన్ మనవి. ఆమె రాసిన ఏడింటికీ కట్టుబడి ఉంటాను. ఐదోదానికి దేవుడే సహాయం చేయాలి.'

అబిగయీలు రెండుసార్లు చదివింది. వారం రోజుల అయోమయం ఒక్కసారిగా విడిపోయింది.

"పెన్నుందా?" అని అడిగి తీసుకుంది. "ఐదోది కొట్టేస్తా ఉండా. మీ ఫోన్ లేక నాకు పొద్దు పోలేదు."

జడ్సన్ వెంటనే కెమెరా ఎత్తి ఒక ఫొటో తీశాడు.

సోమవారం నెల్లూరు వాళ్ళు ఆ ఫొటోనే ఎంచుకున్నారు. ముఖం చూస్తే నమ్మకం కలుగుతోందట. చేతిలో పచ్చడి సీసా ఉండాల్సిన చోట పెన్ను ఎందుకుందని మాత్రం అడిగారు.