లేబుల్ లేని రోలు

"ముంగిసా, మీ బావ ద్రోహి అట. నీకేమైనా అభ్యంతరమా?"

టీ తాగుతావా అని అడిగినంత తేలిగ్గా అన్నాడు చీఫ్. ఏజెంట్ ముంగిస లేదన్నాడు. నిజానికి లోపల కొంచెం సంతోషించాడు కూడా. అక్కని చేసుకున్న ఆ సైఫర్ ఆఫీసరు తనని ఏనాడూ మనిషిగా లెక్కచేయలేదు. శత్రువుల కోడ్ చదవగలిగినవాడు డిపార్ట్‌మెంట్ మొత్తానికి ఆయనొక్కడే. ఆ సంగతి అన్నం తింటూ కూడా చెప్పుకునే రకం.

సాక్ష్యం బల్ల మీద ఉంది. తుప్పు పట్టిన డబ్బా, అందులో లేబుల్ లేని ఫిల్ము రోలు. చచ్చిపోయిన కొరియరు ఒకడి ఇంట్లో, రేకుల కప్పు కింద పదేళ్లు పడి ఉందట. బావ విదేశీ ముఠాకి కాగితాలు అందిస్తున్న ఫోటోలు అందులో ఉన్నాయట. తెచ్చింది చిలక. ముఠాలో ఉంటూ ఇటు సమాచారం అమ్మే డబుల్ ఏజెంట్. నల్ల కళ్లద్దాలు, పట్టు స్కార్ఫు, గది నిండా సెంటు వాసన. ఆమెని చూస్తూ చీఫ్ చొంగ కార్చడం ఒక్కటే తక్కువ.

సాయంత్రం వంతెన మీద బావని ముఠాకి అప్పగించి, వాళ్ల చేతిలో బందీగా ఉన్న మన ఏజెంటుని తెచ్చుకోవడానికి చీఫ్ అప్పుడే ఒప్పందం చేసేసుకున్నాడు. ఫిల్ము కడగడం ఫైలు కోసమట. తీర్పు ముందు, సాక్ష్యం తరవాత. ఇలాంటి మేధావుల చేతుల్లోనే దేశభద్రత భద్రంగా ఉంది.

డార్క్‌రూమ్‌లో చిలక తొందరపెట్టింది. రోలు మొత్తం ఒకేసారి కడిగేయమంది. ముంగిస వినలేదు. ఏ కంపెనీదో, ఎంత స్పీడుదో, రంగులదో నలుపు తెలుపుదో తెలియని ఫిల్ముని గుడ్డిగా డెవలపర్‌లో ముంచితే మొత్తం పాడైపోవచ్చు. ముందు చివర చిన్న ముక్క కోసి కడిగి చూడాలి. ఆ ముక్కని చీకట్లోనే కోశాడు. పోల్చుకోవడానికి స్టోరులోంచి అదే ఈడు పాత రోలు తెచ్చి, దాన్నీ ఓ ముక్క కోశాడు. రెండిటినీ ఒకే డెవలపర్‌లో వేసి, బొమ్మ చెరగకుండా నిలిపే హైపో ద్రావణంలో ముంచి తీశాక లైటు వేశాడు.

స్టోరు ముక్క బూడిదరంగులో ఉంది. పాత ఫిల్ము అంతే. వెలుగు తగలకపోయినా ఏళ్లు గడిచేకొద్దీ దానంతటదే మసకబారుతుంది, వేడికి మరీను. చిలక తెచ్చిన ముక్క మాత్రం కడిగిన అద్దంలా ఉంది.

కొత్త ఫిల్ము. డబ్బాకి తుప్పు పట్టించి, లోపల మొన్న షాపులో కొన్న సరుకు పెట్టారు. మోసం చేయడానికి కూడా బద్ధకమే వెధవలకి. వాళ్లకి కావలసింది తమ కోడ్ చదివే బుర్ర. దాన్ని చీఫ్ స్వయంగా పంపిస్తున్నాడు.

నోరు మూసుకుంటే బావ పీడ విరగడవుతుందని ముంగిసకి ఒక్క క్షణం అనిపించింది. అక్క మొహం గుర్తొచ్చింది. తన మీద తనకే అసహ్యం వేసింది.

"డబ్బా ముసలిది, ఫిల్ము పసిది," అన్నాడు. "మేమంటే మీవాళ్లకి అంత చులకనా?"

"మీ చీఫ్‌ని చూశాక ఇంతకంటే కష్టపడటం దండగనిపించింది," అంది చిలక, లిప్‌స్టిక్ గొట్టం అతని గుండెకి గురిపెట్టి.

అది పిస్తోలు. ముంగిస హైపో ట్రే ఎత్తి ఆమె మొహాన కుమ్మరించాడు. తూటా పైకప్పుకి తగిలింది. కళ్లు నులుముకుంటున్న చిలకని నీళ్ల పైపుకి బేడీ వేసి, కారెక్కాడు.

వంతెన దగ్గర సెంట్రీ కోడ్‌వర్డ్ అడిగాడు. "బట్టలు ఆరలేదు," అన్నాడు ముంగిస. అడ్డుకర్ర లేచింది. బావ అప్పటికే వంతెన మధ్య సరిహద్దుగా గీసిన తెల్లగీత మీద కాలు పెట్టబోతున్నాడు. ముంగిస వెనక నుంచి కాలరు పట్టుకుని ఇవతలికి లాగాడు. ఎదురుగా వస్తున్న మన ఏజెంటు తెలివైనవాడు, ఆ గందరగోళంలో గీత దాటి ఇటు పరుగెత్తుకొచ్చేశాడు.

కారులో బావ కాలరు సర్దుకున్నాడు. "నేను ద్రోహిని కానని కనిపెట్టడానికి నీకు సాయంత్రం దాకా పట్టిందిరా? పోనీలే, నేనే తప్పించుకొచ్చానని మీ అక్కతో చెప్తాను. నీ పరువూ నిలబడుతుంది."

ముంగిస కారు వేగం తగ్గించాడు. అడ్డుకర్ర ఇంకా పైకే ఉందేమో, వెనక్కి తిప్పొచ్చేమోనని ఒకసారి అద్దంలో చూసుకున్నాడు.