చాటలో ఎండిన తునికాకు

ఉదయం 8.40. బోధన్‌లో బీడీ కార్మికుల కాలనీ.

చాప మీద శ్రీవాణి శవం. ఇరవై రెండేళ్ళు. ఒళ్ళో బీడీల చాట. చాటలో తునికాకు, తంబాకు, దారం ఉండ.

ఎస్సై పుష్పలత లోపలికి వచ్చింది. భుజాన కొత్త హ్యాండ్‌బ్యాగు. పైన పెద్ద కంపెనీ పేరు, సరుకు మాత్రం నకిలీ. తెలిసే కొంది, నిన్న సాయంత్రం మఫ్టీలో పోయి. అమ్మిన ఆత్మారాం ఇప్పుడు గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

శ్రీవాణి అతని కొట్లో బ్యాగులు అతికించే పిల్ల. పనికి పిలుద్దామని ఎనిమిదింటికి వస్తే, బీడీలు చుడుతూ ఒరిగిపోయి ఉందట. ఫిట్స్ కావచ్చన్నాడు.

కాలనీ మాత్రం భర్త భూమేష్‌నే చూపించింది. తాగి కొడతాడు. రాత్రి నవీపేట్‌లో పసుపు ఉడకబెట్టే కూలికి పోయానంటాడు. శ్రీవాణి తల్లి విమలమ్మ అతని కాలరు వదలడం లేదు. కానిస్టేబుల్ బేడీలు తీశాడు.

పుష్పలత చాటలో చెయ్యి పెట్టింది. ఆకు పెళపెళ విరిగింది.

"ఆకు ఎప్పుడు తడుపుతరు?" విమలమ్మను అడిగింది.

"ముందటి రాత్రే మేడం. తడిపి గోనెల చుట్టి పెడ్తం. ఎండాకు ఎవలు చుడ్తరు? పగుల్తది."

"భూమేష్‌కు తెలుసా?"

విమలమ్మ చెయ్యి సడలింది. "వాడు బీడీల చాట పక్కన పెరిగినోడే."

పుష్పలత శ్రీవాణి చెయ్యెత్తింది. గోళ్ళు చిట్లి ఉన్నాయి. వాటి కింద ఎండిన జిగురు, చెక్క పేళ్ళు. ఆ ఇంటిది రేకు తలుపు.

బేడీలు ఆత్మారాం చేతులకు పడ్డాయి.

మధ్యాహ్నం 3.15. కొట్టు వెనక గది. వాసన బయటికి పోకుండా కిటికీలకు తార్పాలిన్ కొట్టి ఉంది. మూతల్లేని జిగురు డబ్బాలు. బయట గొళ్ళెం. చెక్క తలుపుకు లోపల గీతలు, మోకాలి ఎత్తులో.

డాక్టరు ఫోన్ చేశాడు. జిగురు ఆవిరికి ఊపిరాడలేదు. నిన్న సాయంత్రం ఆరు, ఏడు మధ్య.

రాత్రి శవాన్ని ఆటోలో వేసి ఇంటికి తెచ్చానని, మూలనున్న ఆకుల కట్ట విప్పి చాటలో పోశానని ఆత్మారాం ఒప్పుకున్నాడు.

"తలుపు కొట్టలేదా?"

"కొట్టింది మేడం."

"మరి తీయకపోతివేంది?"

"ముందట గిరాకీ ఉండె. తీస్తే అంత బయటవడ్తది. పాటల సౌండ్ పెంచిన."

"ఎంతసేపు?"

"అర్ధగంట. బేరం తెగలే."

"ఎవరా గిరాకీ?"

ఆత్మారాం ఆమె భుజం వైపు చూశాడు.

నిన్న ఆరుంబావు. గోడ వెనక ఏంటా చప్పుడని తను అడిగింది. ఎలుకలన్నాడు. తను జిప్పు రెండుసార్లు లాగి చూసుకుని, ఇంకొంచెం తగ్గించమంది.