ఫ్రేములో ఎవరూ లేరు

దేశంలో ఏ మూల పాత గోడ నిలబడి ఉన్నా ఆయనకు తెలుసు. కోటలు, రాజుల మేడలు, స్తంభాల మంటపాలు, దిగుడుబావులు, అన్నిటినీ ఫోటోలు తీశాడు. పుస్తకాలు వేయించాడు. ఆ ఫోటోల్లో ఎంత వెతికినా ఒక్క మనిషి కనపడడు. అదే తన గొప్పగా చెప్పుకునేవాడు. "మనిషి అడుగు పెట్టని క్షణాన్ని పట్టుకుంటాను నేను," అనేవాడు సభల్లో, గొంతు తగ్గించి. ముందు వరుసలో కూర్చున్నవాళ్ళు తలలు ఊపేవారు.

ఆ క్షణం ఎలా దొరుకుతుందో భార్యకు బాగా తెలుసు. మెట్లు ఊడ్చేవాళ్ళని అదిలించాలి. అరుగు మీద కునుకు తీస్తున్న ముసలాయన్ని లేపి పంపాలి. చంటిపిల్లల తల్లుల్ని ఎర్రటి ఎండలోకి తోలాలి. అప్పుడు దొరుకుతుంది. తోలే పని ఆమెదే. బ్యాగులు మోసే పని కూడా ఆమెదే. ఆయన దూరంగా నీడలో నిలబడి, ముక్కు ఎగబీల్చి, "ఈ జనానికి ఇల్లూ వాకిలీ ఉండవా?" అనేవాడు.

చీకటి గదుల్లో ఆమెకు ఇంకో పని ఉండేది. కెమెరా స్టాండు మీద కదలకుండా ఉంటుంది. దాని కన్ను చాలాసేపు తెరిచి ఉంచుతాడు. ఈలోగా ఆమె నల్లబట్టలు వేసుకుని, చేతిలో టార్చితో ఆ గదంతా తిరుగుతూ స్తంభాల మీద, తోరణాల మీద వెలుగు పూయాలి. కదులుతూ ఉన్నంతసేపూ కెమెరా ఆమెను పట్టుకోలేదు. వెలుగు మాత్రం మిగులుతుంది. ఎక్కడైనా ఆగిందా, ఫోటోలో ఆ చోట మసి మరక పడుతుంది. అప్పుడిక తిట్లే.

అందుకే ఆమెకు టార్చి అని పేరు పెట్టాడు. నలుగురిలోనూ అలాగే పిలిచేవాడు. "మా టార్చి," అని పరిచయం చేస్తే అందరూ నవ్వేవారు. ఆమె కూడా నవ్వేది. నవ్వుతూనే ఆయన్ని తూకం వేసేది. నిజానికి పెళ్ళయిన కొత్తలోనే వేసేసింది. పైన పట్టు, లోపల గోనె. మళ్ళీ వేయాల్సిన అవసరం రాలేదు.

ఆ రోజు వెళ్ళింది ఊరి చివర ఒక పాత మేడకి. పైన కప్పు కూలిపోయింది కానీ, నేల కింద పెద్ద స్తంభాల హాలు చెక్కుచెదరకుండా ఉందని ఎవరో చెప్పారు. మధ్యాహ్నం భోజనాల వేళ దాటాక చేరారు. తాళాలు ఒకావిడ దగ్గర ఉన్నాయి. ఆవిడ ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఫోనులో ఏదో చూస్తోంది. వీళ్ళ కోసం తల కూడా ఎత్తలేదు.

"కింద ఏముందని? చీకటి తప్ప," అంది తాళం తీస్తూ.

"మీకు కనపడకపోవచ్చు," అన్నాడు ఆయన.

"సరే సార్. మీకు కనపడితే చూసుకోండి," అని ఆవిడ మళ్ళీ ఫోనులోకి దూరిపోయింది.

మెట్లు దిగుతుంటేనే ఎండ వేడి తెగిపోయింది. తడి సున్నం వాసన. దాని కింద ఇంకో వాసన, చాలాకాలం మూసి ఉంచిన పెట్టెలో బట్టల వాసన లాంటిది. ఎన్ని వరుసల స్తంభాలో తెలియదు. మెట్ల మీది వెలుగు రెండో వరుస దాకా వచ్చి ఆగిపోయింది. ఆయన స్టాండు వేసి కెమెరా బిగించాడు. మెట్ల తలుపు మూసి రమ్మన్నాడు. ఆమె మూసి వచ్చింది. తన చెయ్యి తనకే కనపడలేదు.

"మొదలుపెట్టు. ఎడమ నుంచి. నిద్రపోతూ నడవకు."

ఆమె టార్చి వేసి నడిచింది. ఒక స్తంభం, దాని వెనక్కి, ఇంకో స్తంభం. కాన్వాసు బూట్లు కదా, చప్పుడు లేదు. అందుకే ఆ రెండో చప్పుడు తేలిగ్గానే వినపడింది. ఒట్టి కాళ్ళు చల్లటి రాతి మీద పడుతున్న చప్పుడు. మెత్తగా, తొందర లేకుండా. కుడి వైపు నుంచి.

పైన తాళాలావిడ నడుస్తోందేమో అనుకుంది. పైన నడిస్తే ఇంత దగ్గరగా వినపడదు. ఆ సంగతి కూడా తెలుసు.

"అక్కడ ఆగకు. కదులు," అన్నాడు ఆయన.

ఆమె ఆగలేదు. పైగా ఆయన గొంతు ఆమె వైపు రాలేదు. కుడి వైపుకి వెళ్ళింది.

పని ముగించి స్టాండు దగ్గరికి వచ్చేసరికి ఆయన కెమెరా తెరలో మొహం పెట్టి ఉన్నాడు. ఆ నీలి వెలుతురులో ఆయన పళ్ళు కనిపిస్తున్నాయి. నవ్వుతున్నాడు.

"చూడు. ఇదీ పనంటే. ఇన్నేళ్ళూ ఏం ఏడ్చావు?"

చూసింది. ఎడమ వరుసలో తను పూసిన వెలుగు ఉంది, ఎప్పటిలాగే ఎగుడుదిగుడుగా. కుడి వైపు స్తంభాలు వేరేగా ఉన్నాయి. పాలలో ముంచి తీసినట్టు నున్నటి వెలుగు. హాలు చివర ఒక తోరణం, దాని మీది చెక్కడం, పువ్వు పువ్వూ లెక్కపెట్టుకోవచ్చు.

"ఆ చివరికి నేను వెళ్ళలేదండీ."

"నీ మొహం. ఎక్కడ నడిచావో నీకేం గుర్తుంటుంది? ఇంకోటి తీద్దాం. ఈసారి ఇంకా ఎక్కువసేపు."

కెమెరా కన్ను తెరుచుకున్న చప్పుడు కాగానే ఆమె రెండడుగులు ముందుకు వేసి, టార్చి ఆర్పేసి, మళ్ళీ వెనక్కి వచ్చి ఆయన పక్కనే నిలబడింది.

చీకటి.

కాసేపటికి హాలు చివర వెలుగు వచ్చింది. దీపం లేదు, టార్చి లేదు. వెలుగు మాత్రం ఉంది. ఒక స్తంభం మొదలు నుంచి మెల్లగా పైకి పాకింది... పక్క స్తంభానికి వెళ్ళింది... దాని వెనక నుంచి వచ్చింది. ఒట్టి కాళ్ళ చప్పుడు.

"ఆ... అలాగే. ఇంకొంచెం పైకి. భేష్," అంటున్నాడు ఆయన.

ఆమె ఆయన చెవి దగ్గరికి వంగింది. "ఏమండీ. నేను ఇక్కడే ఉన్నాను."

ఆయన ఊపిరి ఒక్క క్షణం ఆగింది. అది ఆమెకు స్పష్టంగా వినపడింది. ఆయన మోచెయ్యి పట్టుకుంది. చల్లగా అయిపోయింది. ఇక మెట్ల వైపు పరిగెడతాడనే అనుకుంది. ఆయన ధైర్యం ఆమె ఎరగనిది కాదు, బల్లి పడితే మంచం ఎక్కే మనిషి.

కానీ ఆ వెలుగు తోరణం మీదికి పాకింది. ఆయన దానివైపే చూస్తున్నాడు. కాసేపు చూసి, ఆమె చెయ్యి విదిలించేశాడు.

"అయితే ఇంకా మంచిదే," అన్నాడు గుసగుసగా. "ఇక్కడ నీ అవసరం లేదు. పైకి పో."

"ఏమండీ, రండి. పోదాం."

"పొమ్మన్నానా. నీకంటే బాగా చేస్తోంది."

ఆమె ఇంకోసారి పిలవలేదు. భయం ఉంది. ఆ భయంలో కూడా ఆయన మీద రోత ఒక్కటే తిన్నగా నిలబడింది. తడుముకుంటూ మెట్లెక్కి, తలుపు సందులోంచి ఎండలోకి వచ్చి కూర్చుంది. తాళాలావిడ ఫోనులో ఎవరో పాడుతున్నారు.

కింది నుంచి ఆయన గొంతు వస్తూనే ఉంది. ఎడమకి. కొంచెం కిందికి. ఆ, అది వదిలెయ్. తర్వాత ఆ గొంతు మారింది.

"ఎందుకు ఆగావు? ఆగకు."

ఆమె తలుపు వైపు తల తిప్పింది.

"కదలమన్నానా... నా వైపు కాదు. ఇటు రాకు... ఫ్రేములోంచి... ఇటు రావద్దు..."

తర్వాత ఒట్టి కాళ్ళ చప్పుడు. అది పరుగు. ఆ వెంటనే ఆయన బూట్ల చప్పుడు, లోపలికి, దూరంగా, ఇంకా దూరంగా. ఆమె లేచి నిలబడింది. లేచిందే కానీ తలుపు వైపు అడుగు పడలేదు.

క్లిక్కుమని కెమెరా కన్ను మూసుకుంది.

చాలాసేపటికి అతను మెట్లెక్కి పైకి వచ్చాడు. బ్యాగులన్నీ అతని భుజాన ఉన్నాయి. స్టాండు కూడా. ఎండకి కళ్ళు చికిలించలేదు. ఆమె ముందు ఆగి, మొహంలోకి చూసి, ఆమెను అసలు పేరు పెట్టి పిలిచాడు.

"ఆలస్యమైంది కదూ," అన్నాడు. "ఆకలేస్తోందా?"

ఆమె ఒకడుగు వెనక్కి వేసింది. తాళాలావిడ తలుపు మూసి తాళం వేసింది. అతను ఆవిడకి థాంక్స్ చెప్పాడు. అప్పుడు మాత్రం ఆవిడ ఫోను మీంచి తలెత్తి చూసింది.

ఇంటికొచ్చాక మొదటి రాత్రి ఆమె వంటింట్లో పడుకుంది, లోపల గడియ పెట్టుకుని. పొద్దున్నే తలుపు తీస్తే గుమ్మం పక్కన కాఫీ గ్లాసు ఉంది, మూత పెట్టి. ఆ మర్నాడూ ఉంది. వారం తర్వాత గడియ పెట్టడం మానేసింది. అతను గొంతు పెంచడు. ఎవరొచ్చినా ఆమెను కూర్చోబెట్టి తను నిలబడతాడు. ఆమె అక్క వచ్చి చూసి, "మీ ఆయనకి ఏమైందే? మనిషయ్యాడు," అంది. ఆమెకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

ఫోటోల్లో మచ్చలు తుడిచే పని ఎప్పుడూ ఆమెదే. ఆ హాలు ఫోటో కంప్యూటర్లో తెరిచింది. ఆయన జీవితంలో తీసినవాటిలో అంత గొప్పది లేదు. మూల మూలా వెలిగిపోతోంది. హాలు చివరి తోరణం కింద మాత్రం ఒక మసి మరక ఉంది. పెద్దది చేసి చూసింది. ఎవరో అక్కడ కాసేపు నిలబడ్డారు. రెండు చేతులూ ముందుకు చాపి, కెమెరా వైపు. మొహం అలికేసినట్టుంది కానీ, ఆ బట్టతల ఆమె ఎరుగును. ఆ బానపొట్టా ఎరుగును.

చాలాసేపు చూసింది. ఇన్నేళ్ళలో ఆయన ఫోటోలో ఒక మనిషి పడడం ఇదే మొదటిసారి.

మౌసు పట్టుకుని, ఎప్పుడూ చేసినంత శ్రద్ధగా ఆ మరకను తుడిచేసింది.

కొన్ని నెలలకి ఆ ఫోటో కొత్త పుస్తకం అట్ట మీదికి వెళ్ళింది. అందరూ మెచ్చుకున్నారు. ఆ రోజుల్లోనే ఒక సాయంత్రం తాళాలావిడ ఫోను చేసింది. విసుగ్గా ఉంది.

"అమ్మా, మీరు వచ్చి వెళ్ళినప్పటినుంచి కింద ఒకటే గోల. ఎవరో తిడుతున్నారు. ఏయ్ టార్చీ, ఏయ్ టార్చీ అని. గొంతు మీ ఆయనగారిది లాగే ఉంది. ఆయన ఇంట్లోనే ఉన్నారా?"

ఆమె హాల్లోకి చూసింది. అతను కిటికీ దగ్గర ఉతికిన బట్టలు మడత పెడుతున్నాడు, ముందు ఆమెవి.

"ఇంట్లోనే ఉన్నారు," అంది.

"మరి కింద ఎవరు? తలుపు తీసి చూడమంటారా?"

అవతల, ఆవిడ మాట వెనకాల, చాలా దూరం నుంచి ఏదో అరుపు వినపడింది. బతిమాలడం కాదు. ఈ పాటికైనా బతిమాలతాడేమో అనుకుంది. కాదు, తిట్టే. వచ్చి తలుపు తియ్యవేం అని తిట్టు.

"వద్దు. తీయకండి," అంది. "మెట్ల దగ్గర గోడ కట్టించేయండి. మనిషిని నేను పంపిస్తాను."

ఫోను పెట్టేసింది. తర్వాత వెళ్ళి అతని పక్కన నిలబడి ఒక చీర అందుకుంది. ఇద్దరూ చెరో కొస పట్టుకుని మడత పెట్టారు. కొసలు కలపడానికి అతను దగ్గరికి వచ్చాడు. ఇంత దగ్గరగా, ఇంత వెలుతురులో అతని మొహం చూడడం ఇన్ని నెలల్లో అదే మొదలు.

గడ్డం నున్నగా ఉంది. దవడ కింద బ్లేడు తెగిన చిన్న గాటు. ఆ మేడకి బయల్దేరిన పొద్దున ఆయన హడావిడిలో తెగ్గోసుకుని, కొత్త బ్లేడు తెచ్చినందుకు ఆమెను తిట్టిన గాటు.

ఆమె వేలితో మెల్లగా తాకింది.

నెత్తురు ఇంకా తడిగానే ఉంది.